కనుమకు మాంసం, ఉగాదికి బెల్లం: న్యూజిలాండ్ తెలుగువాళ్లకు కందిరీగల గురించి ఒక బహిరంగ లేఖ

న్యూజిలాండ్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు, అందులోనూ నెల్సన్, టాస్మన్, మార్ల్‌బరో వైపు ఇల్లో తోటో నాలుగెకరాల బ్లాకో కొనుక్కున్నవాళ్లకు, మన సంఘాల కమిటీల్లో ఉన్న పెద్దలకు,

నమస్కారమండి.

పోయిన ఉగాది పిక్నిక్ సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. పార్కులో బల్ల మీద స్టీలు గిన్నెలో ఉగాది పచ్చడి పెట్టాం. పంచాంగం చదివే ఆయన ఇంకా ఆదాయ వ్యయాల దగ్గరే ఉన్నారు, ఈలోగా పసుపు నలుపు చారల కందిరీగలు గిన్నె చుట్టూ మూగేశాయి. పచ్చడికి మూత పెడితే జిలేబీల మీదికి పోయాయి. జిలేబీలు కారులో పెడితే కూల్‌డ్రింకుల మీదికి వచ్చాయి. ఏడేళ్ల పిల్లవాడు డబ్బా ఎత్తి ఒక గుక్క తాగాడు. లోపలున్న కందిరీగ నాలుక మీద కుట్టింది. 111కి ఫోన్ చేశాం. అంబులెన్స్ వచ్చేదాకా ఆ తల్లి ముఖం ఎవరమూ చూడలేకపోయాం. దేవుడి దయ, పిల్లవాడికి ఏమీ కాలేదు, రాత్రికి ఐస్‌క్రీం కూడా తిన్నాడు.

అసలు గొడవ ఆ రాత్రి వాట్సాప్ గ్రూపులో మొదలైంది. పెట్రోలు పోద్దామని ఒకరు, పంచదార నీళ్లలో కుక్కల గోమార్ల మందు కలిపి పెడదామని ఇంకొకరు, కౌన్సిల్ వాళ్లు నిద్రపోతున్నారని మరొకరు. ఆ వారాంతమే ఒక అన్నయ్య వాగు ఒడ్డున కన్నం వెతికి నిజంగానే రెండు లీటర్ల పెట్రోలు పోసి వచ్చారు. ఫోటో పెడితే అందరం చప్పట్ల బొమ్మలు పెట్టాం. నేనూ పెట్టాను.

నేను గుంటూరు వైపు మిరప రైతు కొడుకుని. ఇక్కడ మొటువేకా దగ్గర ఆపిల్ తోటలో పని చేస్తాను. నాలుగేళ్లుగా వేసవిలో కొన్ని శనివారాలు అడవిలో కందిరీగల ఎర పెట్టే వాలంటీర్లతో కలిసి తిరుగుతున్నాను. అంటే ఆ గ్రూపులో ఈ విషయం కాస్తో కూస్తో తెలిసినవాణ్ని నేనే. తెలిసి కూడా నోరు మెదపలేదు. పండగపూట పెద్దవాళ్లతో వాదన ఎందుకులే అనుకున్నాను. అప్పుడు అనాల్సిన మాటలు ఇప్పుడు రాస్తున్నాను, కాస్త ఆలస్యమైనా.

ముందుగా ఒక మాట. మన ఊళ్లో చూరుకింద వేలాడే కందిరీగల తుట్టెకీ దీనికీ పోలిక లేదు. అక్కడి కందిరీగ అక్కడిదే. పంట మీద పురుగుల్ని తింటుంది, దాన్ని తినేవి దానికున్నాయి. ఈ ఉత్తరం చదివి ఎవరైనా ఊరికి ఫోన్ చేసి నాన్నగారితో తుట్టెలు కాల్పిస్తే ఆ పాపం నాది కాదు. న్యూజిలాండ్ సంగతి వేరు. ఈ దేశంలో గుంపుగా గూడు కట్టుకుని బతికే కందిరీగ అసలు పుట్టనే లేదు. జర్మన్ కందిరీగ 1945లో హామిల్టన్ దగ్గర వైమానిక స్థావరంలో బయటపడింది. యుద్ధం అయ్యాక యూరప్ నుంచి వచ్చిన విమానాల సామాను పెట్టెల్లో రాణులు నిద్రపోతూ వచ్చాయంటారు. రెండోది, కామన్ వాస్ప్ అని ఇక్కడ పిలిచేది, 1970ల చివర్లో డునెడిన్ వైపు అడుగుపెట్టి, కొన్నేళ్లలోనే సౌత్ ఐలాండ్ అడవుల్లోంచి జర్మన్ దాన్ని కూడా పక్కకు నెట్టేసింది. పొలాల్లో, ఆరుబయట జర్మన్‌ది కనిపిస్తుంది, బీచ్ (beech, సముద్రపు బీచ్ కాదు, ఒక రకం అడవి చెట్టు) చెట్ల అడవిలో మాత్రం రెండోదానిదే రాజ్యం.

పరాయి పురుగు వచ్చి పడితే ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటల్లో పడినప్పుడు గుంటూరు, పల్నాడు, ఖమ్మం రైతులు ఏమయ్యారో మీలో చాలామంది ఇళ్లలో చూసే ఉంటారు. మా నాన్న వారానికి రెండు మందులు మార్చి మార్చి కొట్టారు. పూతలో పురుగు పోలేదు, దాన్ని తినే మిత్ర పురుగులు మాత్రం పోయాయి. కోపంతో కొట్టే మందుకీ తెలిసి కొట్టే మందుకీ తేడా నాకు అక్కడే అర్థమైంది. అందుకే ఈ కందిరీగ ఏం తింటుంది, ఎప్పుడు తింటుంది అన్నది కాస్త వివరంగా చెప్తాను. ఓపిక పట్టండి, దీని గుట్టంతా తిండిలోనే ఉంది.

ఎదిగిన కందిరీగకు మాంసం మింగడం చేతకాదు. నడుము దారంలా ఉంటుంది కదా, గట్టి పదార్థం అందులోంచి దిగదు. దానికి కావలసింది తీపి ద్రవం, ఎగరడానికి ఇంధనం అదే. మాంసం గూట్లో ఉన్న పిల్లలకి. గొంగళిపురుగునో, సాలీడునో, మీ బార్బెక్యూ మీది కోడిముక్కనో కొరికి, నమిలి, ఉండ చేసి మోసుకుపోతుంది. లార్వా ఆ ఉండ తిని, తిరిగి ఒక తీపి చుక్క వదులుతుంది. ఆ చుక్క పెద్దవి తాగుతాయి. ఇలా ఇచ్చిపుచ్చుకోవడం గూడంతా నడుస్తూనే ఉంటుంది. ఒకటి తెచ్చిన తిండి చాలా నోళ్లు తిరుగుతుందన్నమాట. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు దీన్ని మన పండగలతో కలిపి చూడండి. ఇక్కడ రుతువులు తిరగబడి ఉన్నాయి కాబట్టి లెక్క తమాషాగా కుదురుతుంది. దసరా నాటికి ఇక్కడ వసంతం. నిద్రలేచిన రాణి ఒంటరిగా తిరుగుతుంటుంది, పుల్లనో కంచె కర్రనో గీకి నమిలి, కాగితం లాంటి దానితో చిన్న నిమ్మకాయంత గూడు మొదలుపెడుతుంది. దీపావళి దాటాక మొదటి కూలీలు, అంటే గూటి పని చేసే కందిరీగలు, పుడతాయి. సంక్రాంతికి గూడు పెద్ద కుటుంబం. వేల నోళ్లు లోపల ఆకలితో ఉన్నాయి, మాంసం కావాలి. అందుకే మనం కనుమ, ముక్కనుమ నాడు పెరట్లో మాంసం కాలుస్తుంటే సరిగ్గా ఆ ముక్క మీదికే వస్తుంది. పక్కనే అరిసెలు పళ్లెంలో ఉన్నా అంతగా పట్టించుకోదు. శివరాత్రి దాటేకొద్దీ మాంసం మీద మోజు తగ్గుతుంది. లోపల పిల్లలు తగ్గితే వాటి నుంచి వచ్చే తీపి చుక్కా తగ్గుతుంది. కూలీల సంఖ్య మాత్రం అప్పుడే ఎక్కువ. ఆకలితో ఉన్న వేలాది నిరుద్యోగుల్లా రోడ్డున పడతాయి. రాలిన ఆపిల్ పళ్లు, ద్రాక్ష, డస్ట్‌బిన్‌లో కోక్ డబ్బాలు, ఉగాది పచ్చడిలో బెల్లం. మనం వాటిని గమనించేది, భయపడేది, తిట్టుకునేది అప్పుడే. కానీ అప్పటికి ఆ గూడు చేయాల్సిన పని దాదాపు చేసేసింది. వచ్చే ఏటి రాణులు తయారైపోతున్నాయి. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు ఉగాదికి మనం కర్రలు పట్టుకుని బయల్దేరుతున్నాం.

దారి చూపించుకోవడంలో కూడా దీని తీరు వేరు. తేనెటీగలా గూటికి వెళ్లి నాట్యం చేసి ఫలానా దిక్కున ఫలానా దూరంలో ఉందని చెప్పదు. తెచ్చిన తిండి వాసన మాత్రం మిగతావాటికి అంటుతుంది, అదే వాసన వెతుక్కుంటూ అవి బయల్దేరతాయి. ఒకచోట నాలుగు కందిరీగలు వాలి ఉంటే ఐదోది అక్కడే వాలుతుంది. తిండి దొరికిన చోటు బాగా గుర్తుపెట్టుకుంటుంది. మీరు గమనించారో లేదో, ప్లేటు మీంచి లేచేటప్పుడు వెంటనే పోదు, ప్లేటు వైపు ముఖం పెట్టి అటూ ఇటూ ఊగుతూ చూసి మరీ పోతుంది. గుర్తులు రాసుకుంటోందన్నమాట. అప్పుడు మీరు ప్లేటు తీసేసినా కాసేపటికి వచ్చి ఖాళీ బల్ల చుట్టూ తిరుగుతుంది. మామూలుగా గూటి నుంచి రెండు మూడు వందల మీటర్ల లోపే మేస్తుంది. ఆ దూరం కూడా గుర్తుంచుకోండి.

దీని మొండితనానికి ఒక ఉదాహరణ చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. 2011లో వెల్లింగ్టన్‌లోని విక్టోరియా యూనివర్సిటీ పరిశోధకులు గ్రాంజియర్, లెస్టర్ ఒక పత్రం ప్రచురించారు. బీచ్ అడవిలో మాంసం ఎర పెట్టి, దాని దగ్గర కందిరీగలకీ అక్కడి చీమలకీ జరిగే పోటీని వీడియో తీశారు. చీమ ఆమ్లం చల్లుతుంది కాబట్టి కందిరీగ దాన్ని చంపే పని పెట్టుకోలేదు. నోటితో కరచుకుని, వెనక్కి ఎగిరి, కొంత ఎత్తు నుంచి కిందికి జారవిడిచింది. చీమకు దెబ్బ తగలదు, కానీ మళ్లీ నడిచి రావాలి. చీమలు ఎక్కువ ఉన్నకొద్దీ ఇంకా దూరం తీసుకెళ్లి పడేసిందట. బస్సులో సీటు కోసం పక్కవాడి సంచీ కిటికీలోంచి పడేసినట్టు!

ఇక అడవి. మీరెవరైనా సెయింట్ ఆర్నాడ్ వెళ్లి రొటోయిటీ సరస్సు పక్కన బీచ్ చెట్ల మధ్య నడిచారా? చెట్ల మొదళ్లు మసి పూసినట్టు నల్లగా ఉంటాయి. కాలిన చెట్లేమో అనుకున్నాను నేను మొదటిసారి. అది మసి బూజు. బెరడులో దాక్కుని రసం పీల్చే పొలుసు పురుగు ఒకటుంది, ఈ దేశపుదే. అది వెంట్రుక లాంటి తెల్లని దారం బయటికి పెట్టి, దాని చివర తీపి చుక్క వదులుతుంది. హనీడ్యూ అంటారు, ఆ మసి బూజు పెరిగేది దీని మీదే. పొద్దున ఎండలో ఆ చుక్కలు మెరుస్తుంటే చూడాలి. టూయీ, బెల్‌బర్డ్ అనే పిట్టలు, కాకా అనే పెద్ద చిలుకలు ఆ చుక్కల మీద బతికేవి. సౌత్ ఐలాండ్ ఉత్తర భాగంలో ఇలాంటి అడవి సుమారు 10 లక్షల హెక్టార్లు ఉంది. కందిరీగకి అంతకంటే ఏం కావాలి? ఎండాకాలమంతా అన్నదానం.

ఆ అడవుల్లో కొలిచిన లెక్కలు ఇవి. హెక్టారుకు సగటున 12 గూళ్లు, అంటే మన ఎకరానికి దాదాపు ఐదు. హెక్టారుకు సుమారు 10,000 కందిరీగలు. మొత్తం కందిరీగల బరువు హెక్టారుకు 3.8 కిలోల దాకా. అదే హెక్టారులో ఉన్న పక్షులు, ఎలుకలు, స్టోట్‌లు (ముంగిస లాంటి వేట జంతువులు) అన్నీ కలిపి తూచినా అంత బరువు రాదు. సీజన్ ముదిరితే కొన్ని నెలల పాటు హనీడ్యూలో 90 శాతం పైగా వీటి పొట్టలోకే పోతుంది. సాలెగూడు అల్లే సాలీడు ఒకటి కందిరీగల సీజన్ మొదట్లో పుట్టిందనుకోండి, చివరిదాకా బతికి బట్టకట్టే అవకాశం దాదాపు సున్నా అని శాస్త్రవేత్తలు 1990లలోనే తేల్చారు. గూట్లో అప్పుడే పుట్టిన పిట్టపిల్లల మీద పడి చంపడం కూడా చూశారు. ఫిబ్రవరిలో ఆ అడవిలో నిలబడితే పిట్ట కూత కంటే ముందు ఒక హోరు వినిపిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడ్డట్టు ఉంటుంది.

డబ్బు లెక్క కావాలనేవాళ్లకు: 2015లో ప్రభుత్వ శాఖలు వేయించిన అంచనా ప్రకారం ఈ కందిరీగల వల్ల దేశానికి ఏటా సుమారు 13 కోట్ల 30 లక్షల డాలర్ల నష్టం. అందులో 6 కోట్లకు పైగా పశుపోషణదే. కందిరీగ తేనెటీగల్ని చంపుతుంది, తేనెటీగలు తగ్గితే పరాగసంపర్కం తగ్గి పచ్చికలో క్లోవర్ (నేలకు నత్రజని ఇచ్చే మేత మొక్క) తగ్గుతుంది, క్లోవర్ తగ్గితే నేలలో నత్రజని తగ్గుతుంది, అప్పుడు ఎరువు కొనాలి. జనుము, పిల్లిపెసర వేసి దున్నే వాళ్ల పిల్లలం, మనకు ఈ గొలుసు అర్థం కావడం కష్టం కాదు.

ఇన్నేళ్లూ ఏం చేశారని మీరు అడగొచ్చు. చాలా చేశారు. జర్మన్ కందిరీగ వచ్చిన కొత్తలో, 1940ల చివర్లో, నిద్రపోతున్న రాణిని పట్టి తెస్తే మూడు పెన్నీలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. లక్షకు పైగా రాణులు వచ్చిపడ్డాయి. కందిరీగలు మాత్రం తగ్గలేదు. ఎందుకంటే ఒక్క పెద్ద గూడే శరదృతువులో వెయ్యికి పైగా రాణుల్ని వదలగలదు. వాటిలో ఎలాగూ చాలావరకు చస్తాయి, వసంతంలో గూటి కోసం ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మనం కొన్నిటిని తీసేస్తే మిగిలినవాటికి పోటీ తగ్గుతుంది, అంతే. కాబట్టి దసరాకి మీ ఇంట్లో దూరిన రాణిని చెప్పుతో కొట్టి గ్రూపులో ఫోటో పెట్టండి, తప్పు లేదు, తృప్తిగా కూడా ఉంటుంది. అడవికి దాని వల్ల ఒరిగేది తక్కువ. 1980లలో గూట్లోకి దూరి లార్వాలను తినే ఒక పరాన్న కీటకాన్ని తెచ్చి వదిలారు. అది కొన్నిచోట్ల నిలదొక్కుకుంది కానీ కందిరీగల లెక్క మారలేదు. ఆ తర్వాత ఇంకో రెండు కీటకాలను బ్రిటన్ నుంచి తెచ్చే పని కూడా మొదలుపెట్టారు. మంచిదే, కానీ దాని ఫలితం మన పిల్లలు చూస్తారేమో.

ఇప్పటికి చేతిలో ఉన్న మంచి ఆయుధం వెస్పెక్స్ అనే ఎర. నెల్సన్‌లోనే రిచర్డ్ టాఫ్ట్ అనే కీటక శాస్త్రవేత్త తయారుచేసింది. మాంసకృత్తుల ముద్దలో ఫిప్రోనిల్ 0.1 శాతం. ఫిప్రోనిల్ పేరు వినగానే మన రైతు బిడ్డలకు వరి కాండం తొలిచే పురుగుకు చల్లే గుళికలు, మిరపకు కొట్టే మందు గుర్తొస్తాయి. అదే మందు. కానీ వాడే తీరు చూడండి. ఎకరం తడిసేలా కొట్టడం లేదు. చెట్టుకు కట్టిన పసుపు డబ్బాలో రెండు స్పూన్ల ముద్ద. కందిరీగ దాన్ని మాంసమే అనుకుని ఉండచుట్టి గూటికి మోస్తుంది, లార్వాకు పెడుతుంది, అక్కణ్నుంచి నోటికి నోరు, ఇందాక చెప్పానే, ఆ ఇచ్చిపుచ్చుకోవడంలోనే గూడంతా పాకుతుంది. తినగానే చంపే మందైతే కూలీ దారిలోనే పడిపోయి గూడు బతికిపోయేది. గూడు ఎక్కడుందో మనం వెతకనక్కర్లేదు, దారి దానికే తెలుసు. 2015లో ప్రకృతి పరిరక్షణ శాఖ ఐదు చోట్ల పెద్ద ఎత్తున వాడి చూస్తే కందిరీగలు 90 శాతానికి పైగా తగ్గాయి. ఎర పెట్టిన మూడో రోజు ఆ దారిన మళ్లీ నడిచాను ఒకసారి. హోరు లేదు. నా బూట్ల చప్పుడు నాకే వినిపించి కాస్త వింతగా అనిపించింది.

మరి తేనెటీగ సంగతి? తేనెటీగకు మాంసకృత్తులు పుప్పొడి నుంచి వస్తాయి, మాంసం జోలికి రాదు. వెస్పెక్స్ కిటుకంతా ఇదే. అదే ఫిప్రోనిల్‌ని పంచదార పాకంలోనో, బెల్లం నీళ్లలోనో, జామ్‌లోనో కలిపితే ముందు చచ్చేది తేనెటీగే. చుట్టుపక్కల ఎవరి పెట్టెలున్నా ఖాళీ అయిపోతాయి. మన గ్రూపులో కుక్కల గోమార్ల మందు సలహా ఇచ్చిన తమ్ముడూ, చాలా రకాల గోమార్ల మందుల్లో ఉండేది ఇదే ఫిప్రోనిల్. నువ్వు మంచి మనసుతోనే చెప్పావు, నాకు తెలుసు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అవుతుంది, దయచేసి ఆ పని చెయ్యొద్దు. మాంసంలో కలిపి పెట్టినా కుదరదు. మోతాదు తప్పితే గూటికి చేరదు, పిల్లి తినొచ్చు, పక్కింటి కుక్క తినొచ్చు. అసలు ఎరను కూడా ఆన్‌లైన్‌లో చిన్న పరీక్ష రాసి అనుమతి తెచ్చుకున్నవాళ్లే కొనాలి, వాడాలి. ఆ పరీక్ష మన డ్రైవింగ్ టెస్టు కంటే చాలా తేలిక, భయపడకండి.

ఎర పెట్టే ముందు ఒక చిన్న తంతు ఉంటుంది. విషం లేని మాంసం ఎర, మేమైతే చేపల క్యాట్‌ఫుడ్, డబ్బాల్లో పెట్టి గంట ఆగుతాం. డబ్బాకు సగటున కనీసం ఒక కందిరీగైనా వాలి ఉంటేనే అసలు ఎర. లేకపోతే వాటికింకా మాంసం ఆకలి లేదని అర్థం, అన్నీ సర్దుకుని ఇంటికి. పోయినేడాది ఒక శనివారం అంతదూరం కొండెక్కి, ఎనభై డబ్బాల్లో క్యాట్‌ఫుడ్ పెట్టి, పులిహోర తిని దిగొచ్చేశాం. పులిహోర మీద కూడా ఒక్కటీ వాల్లేదు. జనవరి చివరి నుంచి ఫిబ్రవరి దాకా, మహా అయితే మార్చి మొదటి రోజుల దాకా, మంచి ఎండ ఉన్న రోజు చూసుకుని పెట్టాలి. మన లెక్కలో కనుమకీ శివరాత్రికీ నడుమ. ఉగాదికి చెయ్యలేం.

ఇప్పుడు మిమ్మల్ని ఏం అడుగుతున్నానో చెప్తాను.

బ్లాకులు, తోటలు ఉన్నవాళ్లు ముందు. డబ్బాలు 50 మీటర్లకొకటి చొప్పున వరసలో కడతాం, వరసకూ వరసకూ మధ్య 300 మీటర్లు అలా ఉంటుంది. కందిరీగ మేసే దూరాన్ని బట్టి వేసిన లెక్క ఇది. వాగు వెంట ఒక వరస పోతూ మధ్యలో ఒక నాలుగెకరాల దగ్గర ఆగిపోతే, ఆ చుట్టుపక్కల గూళ్లన్నీ మిగిలిపోతాయి, శరదృతువులో అక్కణ్నుంచే రాణులు బయల్దేరతాయి. నేను తిరిగే ఒక వాగు వెంట ఇలా ఆగిపోయిన చోట్లు రెండున్నాయి, రెండూ మన తెలుగువాళ్లవే. ఎవరివని రాయను. వాలంటీర్లు గేటు దగ్గరికి వస్తే మీరు తలుపు తీయలేదంటే కారణం నాకు తెలుసు. కొత్తగా కొన్న స్థలం, ఎవరో ఫ్లోరోసెంట్ జాకెట్లు వేసుకుని వచ్చి విషం పెడతామంటున్నారు, రేపు ఏదైనా అయితే ఎవరికి చెప్పుకోవాలి అన్న టెన్షన్. నేనైనా అలాగే అనుకునేవాణ్ని. ఫోన్ చేయండి, తెలుగులో చెప్తాను. డబ్బాలు ఎక్కడెక్కడ కడతారో మీరే చూపించండి, మీ గొర్రెలకూ కోళ్లకూ అందని చోట కడదాం. పెట్టిన ముద్ద కొద్దిరోజుల్లో మళ్లీ మేమే తీసుకెళ్లిపోతాం.

విషమే కదా అన్న అనుమానం సబబే. నీళ్లలో బతికే పురుగులకు ఫిప్రోనిల్ మహా చెడ్డది, అందుకే దాన్ని డబ్బాలోంచి బయట పడనివ్వం. ఇది శాశ్వత పరిష్కారమని కూడా నేను చెప్పను. ఏటా చెయ్యాలి, మానేస్తే రెండేళ్లలో పక్క లోయల్లోంచి మళ్లీ వచ్చేస్తాయి. నాకైతే వాగులో పెట్రోలు కంటే చెట్టు మీద రెండు స్పూన్ల ముద్ద నయమనిపిస్తుంది.

పెట్రోలు పోసిన అన్నయ్యకు ఒక మాట. మీరు నాకంటే పెద్దవారు, ధైర్యం చేశారు, పిల్లవాడి మీద ప్రేమతో చేశారు. కానీ మన ఊరి తుట్టెకు కాగడా పెట్టినట్టు ఇది కాదు. ఇక్కడ గూడు ఎక్కువగా నేల లోపల ఉంటుంది, ఒక్కోసారి బకెట్ అంత, ఒక్కోసారి అంతకంటే చాలా పెద్దది. 1963లో ఆక్లండ్ దగ్గర వైమౌకులో దొరికిన గూడు మూడున్నర మీటర్లు దాటింది. చలికాలంలో చలి తక్కువగా ఉన్నచోట జర్మన్ కందిరీగ గూళ్లు కొన్ని చావకుండా రెండో ఏడూ పెరుగుతాయి. అలాంటి దాన్ని కదిలిస్తే పరిగెత్తడానికి కూడా టైం ఉండదు. తేనెటీగలా ఒక్కసారి కుట్టి చావదు, ఒకటే పదిసార్లు కుడుతుంది. పెట్రోలు వల్ల నేల పాడవుతుంది, వాగు పాడవుతుంది, ఎవరైనా అగ్గిపుల్ల గీస్తే కనుబొమలు పోతాయి. ఇంటి దగ్గర ఒకే గూడు కనిపిస్తే దుకాణాల్లో పర్మెత్రిన్ అనే పురుగుమందు పొడి దొరుకుతుంది. చీకటి పడ్డాక, ఒళ్లంతా కప్పుకుని, కన్నం నోటి దగ్గర చల్లి వచ్చేయాలి, కన్నం మూయకూడదు. వచ్చేపోయేవి ఆ పొడిని కాళ్లకు పూసుకుని లోపలికి మోస్తాయి. టార్చి దాని మీద వేయొద్దు, వెలుగు వైపే వస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఎలర్జీ ఉంటే ఇవేవీ మీరు చెయ్యకండి, డబ్బు పోతే పోయింది, పురుగుల మందు కొట్టేవాళ్లను పిలవండి.

కమిటీ పెద్దలకు రెండే విన్నపాలు. ఉగాది పిక్నిక్‌ని ఆరుబయట పెట్టకండి అనను, పచ్చడి చల్లగాలిలో తింటేనే బాగుంటుంది. డబ్బా డ్రింకులు మాత్రం కొనకండి, పెద్ద సీసాలు కొని పారదర్శకమైన గ్లాసుల్లో పోయండి, లోపల ఏముందో పిల్లలకు కనిపించాలి. బిన్‌లకు మూత ఉండాలి. రెండోది, ఏటా సంక్రాంతి ముగ్గుల పోటీకి బహుమతులకని మనం పెట్టే డబ్బులో కొంత ఎర కొనడానికి పక్కన పెట్టండి. నెల్సన్‌లో జనం చందాలతో, వాలంటీర్లతో కొన్నేళ్లుగా ఈ పని నడుస్తోంది. ఆ పట్టికల్లో అన్ని రకాల ఇంటిపేర్లూ ఉన్నాయి, మనవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. దేశంలో ఏ మూల కొండకైనా కారులో పోయి ఫోటోలు దిగేది మాత్రం మనమే ముందు!

వచ్చే కనుమ అయిన తర్వాత రెండో శనివారం పొద్దున ఏడింటికి బయల్దేరుతున్నాం. నా కారులో నాలుగు సీట్లు ఖాళీ. పొడుగు చేతుల చొక్కా, గట్టి బూట్లు, సెంటు కొట్టుకోకుండా రావాలి. క్యాట్‌ఫుడ్ నేను తెస్తాను, పులిహోర ఎవరు తెస్తారో గ్రూపులో చెప్పండి. వాన పడితే మరుసటి శనివారం.

ఇట్లు,
మొటువేకా దగ్గర ఆపిల్ తోటలో పనిచేసే మీ తెలుగువాడు